ఎముకల గాదె



పాడిపశువులు గల యజమానులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. పాలు సమృద్ధిగా నిచ్చు గేదె యొకటి సుఖముగా ఈనినది. దూడ లేచి పాలు కుడిచినది. ఇంటిల్లిపాదియు జున్ను వండుకొని సంతోషించుచుండగా, రెండవనాడో మూడవనాడో ఆ గేదె మేత మానినది. చెవులు చల్లబడినవి. కాళ్లు తడబడి కూలబడినది. మెడను ప్రక్కకు త్రిప్పి డొక్కపై నానించి కదలక మెదలక పడియున్నది. పశువైద్యుడు వచ్చి చూచి, ఇది పాలజ్వరమని చెప్పును. పేరునకు జ్వరమే గాని ఒడలు వెచ్చగా నుండదు. ఆయన యొక సీసాలోని మందును మెడనరమున మెల్లమెల్లగా నెక్కించును. సీసా ముగియునంతలో గేదె చెవులు కదల్చును. కొంతసేపటికి లేచి నిలుచుండును. చూచువారికి అది మంత్రము వలె దోచును. సీసాలో మంత్రమేమియు లేదు. అందున్నది కాల్షియము. ఈనిన వెంటనే గేదె రక్తములోని కాల్షియము జున్నుపాలలోనికి వరదవలె తరలిపోయినది. ఆ లోటును పూడ్చుకొనుటకు శరీరమునకు వ్యవధి చాలలేదు. కండరములు పట్టు దప్పినవి, గేదె కూలినది.

ఆ గేదె కొఱకు మనము అర్ధరాత్రమైనను పశువైద్యుని పిలిపింతుము. అటుపిమ్మట నెలల తరబడి ఖనిజలవణముల మిశ్రమమును దాణాలో కలిపి పెట్టుదుము. అది వివేకమే. కాని అదే యింటిలో కోడలొకతె బిడ్డను కని పాలిచ్చుచున్నది. ఆమె శరీరమునుండియు దినదినము కాల్షియము పాలలోనికి పోవుచునే యున్నది. ఆమె కూలబడదు, చెవులు చల్లబడవు, ఎప్పటివలెనే లేచి, వాకిలి చిమ్మి, పొయ్యి వెలిగించుచున్నది. కాబట్టి ఆమెకు కొఱత యేమియు లేదని మనము భావించుచున్నాము. నిజమేమనగా, ఆమె శరీరము అప్పు చేసి సంసారము నడుపుచున్నది. ఆ యప్పు ఆమె యెముకల నుండి పుట్టుచున్నది. నేటి ప్రసంగమున నేను మనవి చేయదలచినది ఈ యప్పును గూర్చియు, దానిని నిత్యాహారముచేతనే తీర్చు మార్గమును గూర్చియు.

కాల్షియము మనము ఎఱుగని వస్తువు కాదు. గోడలకు వేయు సున్నము, తాంబూలమున రాచుకొను సున్నము, నత్తగుల్ల, గ్రుడ్డుపెంకు, వీనియన్నింటి యందును ఉన్న ధాతువు అదియే. పెరిగిన మనుష్యుని శరీరమున అది రమారమి ఒక కిలో యుండును. ఆ కిలోలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలయందును పండ్లయందును గలవు. మిగిలిన యొక్క పాలు రక్తమునందును కండరములయందును సంచరించుచుండును. ఆ యొక్క పాలు చేయు పని సామాన్యమైనది కాదు. గుండె కొట్టుకొనుట, కండరము ముడుచుకొనుట, గాయమున రక్తము గడ్డకట్టుట, నరములు వార్తలు మోయుట, ఇవి యన్నియు దానివలననే జరుగుచున్నవి.

వెనుకటి యిండ్లలో గాదె యుండెడిది. వంటయింటిలో బియ్యపుకుండ యుండెడిది. కుండలో గింజలు తఱిగినపుడు గృహిణి గాదెనుండి తీసి నింపెడిది. కుండ వట్టిపోయిన దినమున ఇంటికి పస్తు. మన శరీరమున రక్తము ఆ కుండ. ఎముకలు ఆ గాదె. నూఱు మిల్లీలీటర్ల రక్తమున రమారమి పది మిల్లీగ్రాముల కాల్షియము ఉండవలెను. అది స్వల్పముగా తగ్గినను శరీరము సహింపదు. కంఠమున బియ్యపుగింజలంత గ్రంథులు నాలుగు ఈ లెక్కనే కనిపెట్టుచుండును. తినిన యాహారమున కాల్షియము చాలిన యెడల సరే. చాలనియెడల అవి ఎముకలకు తాకీదు పంపును. ఎముక తనను తాను కరగించుకొని రక్తమునకు చెల్లించును. ఈ చెల్లింపు ఒక్క దినమైనను తప్పదు, నొప్పి యుండదు, గుర్తు కనబడదు. రక్తపరీక్ష చేయించినను కుండ నిండుగానే కనబడును. గాదెలోని గింజ తగ్గుచున్న సంగతి చాలకాలము వఱకు ఎవరికిని తెలియదు. కూర్చుండి తిన్న కొండలైనను కరగునని మనవారు చెప్పుదురు. ఎముకల కొండయు అట్లే కరగును.

ఈ గాదె నిండుటకు కాలనియమము గలదు. పుట్టుక మొదలు రమారమి ముప్పది యేండ్ల వఱకు అది నిండును. అందును పది మొదలు పదునెనిమిది యేండ్ల నడుమ మిక్కిలి వేగముగా నిండును. ముప్పది దాటిన పిమ్మట క్రొత్తగా చేరునది లేదు, ఉన్నదానిని నిలుపుకొనుటయే. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత కొన్ని యేండ్లు కరగుట వేగిరపడును. పురుషులకు మెల్లగా కరగును, కాని కరగకపోదు. అందువలన పదునైదేండ్ల బాలికకు నేడు ఒక లోటా పాలు తగ్గించితిమేని, దాని ఫలితము ఆమెకు అరువదవ యేట గాని తెలియదు. అప్పటికి తగ్గించినవారు ఉండరు.

ఈ సందర్భమున మా యింటి ముచ్చట యొకటి చెప్పుట తప్పు కాదనుకొందును. మా నాయనమ్మ చేతిమీదుగా నాలుగు గేదెల పాడి సాగినది. తెల్లవాఱుజామున లేచి ఆమె కవ్వము పట్టెడిది. వెన్న నేతికి పోయెడిది. గడ్డపెరుగు మగవారి విస్తళ్లకు పోయెడిది. చిక్కని మజ్జిగ పాలేర్లకును పిల్లలకును పోయెడిది. అందఱును తిని లేచిన తరువాత అడుగున మిగిలిన నీళ్లమజ్జిగ పోసికొని ఆమె అన్నము తినెడిది. ఎనమండ్రు బిడ్డలను కని పెంచినది. అరువది దాటునప్పటికి ఆమె నడుము వంగినది. ముసలితనము గదా యనుకొంటిమి. ఒకనాటి వేకువను నూతిపళ్లెము కడ కాలు జాఱి కూర్చుండిపోయినది. కూర్చుండినంతలోనే తుంటియెముక విఱిగినది. ఆ తరువాత ఆమె మంచము దిగలేదు. నాలుగు గేదెల పాలు తన చేతిమీదుగా పంచిన మనిషి ఎముకలు గుల్లబాఱి పోయినది. అది ఎవరు చేసిన దోషమునుగాదు. పంపకములో చివరి విస్తరి ఎవరిదో ఎవరును అడుగలేదు, అంతియే. ఆ ప్రశ్న అడుగవలసినవారు ఇంటి పెద్దలని నాకు తరువాత తోచినది. అందుచేతనే ఈ ప్రసంగమును పెద్దలకు ఉద్దేశించితిని.

ఇక దినమునకు ఎంత కాల్షియము కావలెనను ప్రశ్నము. భారత వైద్య పరిశోధన మండలి 2020 లో ఏర్పఱచిన లెక్క ప్రకారము, పెరిగిన స్త్రీపురుషులకు దినమునకు 1000 మిల్లీగ్రాములు, అనగా ఒక గ్రాము. బిడ్డకు పాలిచ్చు తల్లులకును ముట్లుడిగిన స్త్రీలకును 1200 మిల్లీగ్రాములు కావలెను. పుట్టిన బిడ్డ యొడలిలో రమారమి 30 గ్రాముల కాల్షియము ఉండును. అది యంతయు తల్లి యిచ్చినదే, అందును ఎక్కువభాగము కడపటి మూడు నెలలలో ఇచ్చినదే. పుట్టిన పిదప పాలద్వారా దినమునకు రమారమి 200 మిల్లీగ్రాములు పోవును. చాలినంత తిండి యున్న తల్లికి, బిడ్డ పాలు మానిన తరువాత ఎముక చాలవఱకు మరల కూడుకొనును. ప్రకృతి అంత దయగలది. తిండియే చాలనియెడల, ఒక కాన్పు అప్పు తీరకముందే మఱియొక కాన్పు అప్పు మీదబడును. కాల్షియము మిక్కిలి తక్కువగా తిను గర్భిణులకు రక్తపుపోటు పెరిగి ప్రాణాపాయము కలుగు భయము ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థయు హెచ్చరించినది. కాబట్టి ఇది ముసలితనపు మాట మాత్రమే కాదు. పురిటినాటి మాట కూడ.

మన విస్తరిలో ఈ గ్రాము కాల్షియము దొరకుచున్నదా? విస్తరి నిండ అన్నమున్నది. మరపట్టిన తెల్లని బియ్యము నూఱు గ్రాములలో కాల్షియము పది మిల్లీగ్రాములకు మించదు. కిలో బియ్యము వండి తినినను ఒక లోటా పాలలోనిదానికి సరిరాదు. కడుపు నిండుట వేఱు, గాదె నిండుట వేఱు. తిరుపతి ప్రాంతమున వైద్యులు ఆరోగ్యవంతులైన గ్రామస్థులను, నగరవాసులను పరీక్షించి 2007 లో ప్రకటించిన దానిలో, ఉభయుల యాహారమునందును కాల్షియము తక్కువగానే యున్నట్లు తేలినది. వారు రోగులు కారు, మనవంటివారే.

మా తాతముత్తాతలు ఈ మిల్లీగ్రాముల లెక్కలు చూచియే బ్రదికిరా యని పెద్దలు అడుగవచ్చును. లెక్కలు చూడలేదు, వారి విస్తరియే వేఱు. ఉత్తరాంధ్రమున చోళ్లనియు, తెలంగాణమున తైదలనియు, తక్కినచోట్ల రాగులనియు పిలువబడు ధాన్యము ఆనాడు సామాన్యుని ప్రధానాహారము. రాయలసీమలో సంకటి, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో అంబలి నిత్యకృత్యము. 1852 లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియయ్యెను. గోదావరి కాలువల క్రింద వరి పెరిగెను. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. మెట్టసీమల పేదయింటను తెల్లన్నము ఉడికెను. ఆకలి తీరినది, అది గొప్ప మేలు, కాదనరాదు. కాని వరియన్నము వచ్చిన త్రోవనే రాగిసంకటి వెడలిపోయినది. ఒకప్పుడు మజ్జిగగా ఊరంతటికి పంచబడిన పాలు నేడు తెల్లవాఱక మున్నే పాలకేంద్రమునకు పోవుచున్నవి. డబ్బు వచ్చుచున్నది, దానితో పిల్లల చదువు జరుగుచున్నది. మంచిదే. పోయిన రాగులకును పోయిన మజ్జిగకును మాఱుగా విస్తరిలోనికి ఏమి వచ్చినదో మాత్రము మనము చూడలేదు.

ఇప్పుడు ఒక్కొక్క పదార్థమును పరికింతము. నేను చెప్పు లెక్కలన్నియు నూఱు గ్రాములకు అని గ్రహింపుడు.

మొదటిది రాగులు. వీనియందు రమారమి 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. జొన్నలలో గాని సజ్జలలో గాని ఇందులో ఆఱవ వంతైనను లేదు. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, విసరిన పిండి మఱింత మేలు. రాత్రి కలిపి ఉదయమునకు పులిసిన అంబలియు అట్టిదే. మొలకెత్తుట వలనను పులియుట వలనను కాల్షియమును పట్టి యుంచు పదార్థము కొంత విఱిగి, అది ఒంటికి సులభముగా పట్టును. మన పూర్వులు ఈ పనిని శాస్త్రమని యెంచి చేయలేదు, అలవాటుగా చేసిరి. ఐక్యరాజ్యసమితి 2023 వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మనము విడిచిన గింజను లోకము వెదకుకొనుచున్నది.

రెండవది పాలు, పెరుగు, మజ్జిగ. పాలయందు రమారమి 120 మిల్లీగ్రాములు గలవు. ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. బలమంతయు నేతిలో నున్నదని మన నమ్మిక. పెరుగు చిలికినపుడు వెన్నతో పోవునది కొవ్వు. కాల్షియము మజ్జిగలోనే నిలిచియుండును. నేతిలో అది లేదనియే చెప్పవచ్చును. కాబట్టి నెయ్యి యమ్ముకొనినను నష్టము లేదు. మజ్జిగ నమ్ముకొనరాదు, పాఱబోయరాదు. అయితే ఒక మాట. మజ్జిగలో ఎన్ని పాళ్లు నీరు కలిపితిమో అన్ని పాళ్లు బలము పలుచనగును. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ తఱచుగా పడును.

మూడవది నువ్వులు. పొట్టు తీయని నువ్వులలో 1100 మిల్లీగ్రాములకు పైగా గలదు. నల్లనువ్వులలో మఱింత యెక్కువ. ఈ కాల్షియము చాలవఱకు పొట్టుననే యుండుటచేత, పొట్టు తీసిన తెల్లని నువ్వులు చూపునకు మాత్రమే అందము. బాలిక రజస్వలయైనప్పుడు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టుట మన తెనుగింటి యాచారము. గాదె మిక్కిలి వేగముగా నిండు వయస్సున, మిక్కిలి బలమైన గింజను పెట్టుమని ఎవరు చెప్పిరో గాని, చక్కగా చెప్పిరి. కొఱత యేమనగా, ఆ కొలది దినముల వేడుక ముగియగానే చిమ్మిలి రోలును మఱచిపోవుట. పదునెనిమిదేండ్లు నిండువఱకు అది మానక సాగవలెను.

నాలుగవది ఆకుకూరలు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత దీనికే సరిపోవును. మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా గలదు; తోటకూరయు రమారమి అంతే. పొన్నగంటికూరలో దాదాపు 400. కరివేపాకులో 600 కు పైగా. అవిసె యాకులో 900 ప్రాంతమున గలదు. ఆషాఢమున మునగాకు వండుట ఆచారముగా గల యిండ్లు తక్కిన పదునొకండు నెలలు ఆ చెట్టును కాయలకు మాత్రమే చూచుచున్నవి. కరివేపాకును విస్తరి ప్రక్కకు ఏరివేయుట అందఱకును అలవాటే. దానిని వేయించి, నువ్వులతో చేర్చి నూఱి పొడి చేసితిమేని ఏరివేయుటకు వీలుండదు. పాలకూరలో మాత్రము కాల్షియమును పట్టి యుంచు ఆమ్లము అధికము. అందున్నదానిలో ఒంటికి పట్టునది బహు స్వల్పము. పాలకూర తినవలదనుట లేదు. ఎముకల కొఱకు దానిని నమ్ముకొనవలదనుచున్నాను.

ఐదవది ఉలవలు. వీనియందు 250 మిల్లీగ్రాములకు పైగా గలదు. ఎద్దులకు ఉడికించిన ఉలవల నీటిని చారుగా కాచుకొను అలవాటు మనకు గలదు. చారుతో పాటు గింజను కూడ గుగ్గిళ్లుగా తినుట లాభము. మాంసాహారులకు ఇంకొక మార్గము గలదు. చెఱువులలో దొరకు పరిగెలు, సముద్రతీరమున దొరకు నెత్తళ్లు మొదలగు చిన్నచేపలను ముల్లుతో సహా నమలి తినినయెడల, ఆ ముల్లే కాల్షియము. పెద్దచేపను ముల్లు తీసి తినువారికి ఆ లాభము లేదు.

ఇక ఒక దినపు విస్తరిని కూర్చి చూతము. నూఱు గ్రాముల రాగిపిండితో సంకటియో అంబలియో, 350. దినము మొత్తమునకు మూడువందల మిల్లీలీటర్ల పాలుగాని, నీరు కలుపకమునుపు అంత పాలకు సరియగు పెరుగు మజ్జిగలు గాని, 360. పదునైదు గ్రాముల పొట్టునువ్వులు పొడిగానో చిమ్మిలిగానో, రమారమి 170. ఏబది గ్రాముల మునగాకు పప్పులో వేసి, 150. మొత్తము 1000 మిల్లీగ్రాములు దాటినది. ఇందులో పట్టణమునుండి తేవలసినది ఒక్కటియు లేదు. పాలు కొనలేని యింటను రాగులు, నువ్వులు, మునగాకు చేరి సగమునకు పైగా సమకూర్చును.

తినినది ఒంటికి పట్టుటకు ఎండయు కావలెను. ఎండ తగిలినపుడు చర్మమున డి విటమిను తయారగును. అది లేనిదే కాల్షియము ప్రేగులనుండి చక్కగా లోనికి చేరదు. లేతయెండలోను సంజయెండలోను ఈ శక్తి స్వల్పము. ఉదయము పదిగంటలకు పిమ్మట, మధ్యాహ్నము మూడు గంటలకు లోపల, చేతులకును కాళ్లకును కొంతసేపు ఎండ తగులనీయవలెను. పొలము పనివారికి ఇది చెప్పనక్కఱలేదు. గది విడువని బాలింతలకును, మంచము విడువని వృద్ధులకును చెప్పవలెను. వేసవి నడియెండలో మాత్రము వడదెబ్బ భయమున్నది గనుక ఆ కాలమున పదిగంటల ప్రాంతపు ఎండ చాలును. నడకయు బరువుపనియు ఎముకకు బలము. ఉప్పు మితిమీఱినచో కాల్షియము మూత్రమున వెడలిపోవును. ఊఱగాయ జాడీని కొంచెము దూరముగా నుంచుడు.

తాంబూలమున సున్నము తినుచున్నాము గదా, ఇంతకంటె ఏమి కావలెనని కొందఱు అడుగుదురు. ఆ సున్నమున కాల్షియము ఉన్నమాట నిజమే. కాని తాంబూలముతో పాటు వక్కయు, తఱచుగా పొగాకును నోటిలోనికి పోవును. ఆ రెండును నోటిపుండు కాన్సరుగా మాఱుటకు కారణములు. లోటా మజ్జిగతో తీరు పనికి అంత ముప్పు తెచ్చుకొననేల? కాల్షియము తినినచో మూత్రపిండములలో రాళ్లు పుట్టునను భయము మఱియొకటి. ఆహారములోని కాల్షియము వలన ఆ భయము లేదు. రాళ్లకు మూలమగు ఆమ్లమును అది ప్రేగులోనే పట్టి బయటికి పంపును. రాళ్లు ఇదివఱకే గలవారు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని యడిగి నడచుకొనవలెను.

ఫ్లోరైడు అధికముగా గల నీటిని త్రాగిన ఊళ్లవారికి ఈ విషయము ఇంకను ముఖ్యము. ఆ నీటివలన ఎముకలు చెడుట మన దేశమున మొదట వెల్లడియైనది 1937 లో, ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో. నల్లగొండ సీమ దానివలన పడిన బాధ అందఱకును తెలిసినదే. కాల్షియము చాలని పిల్లల యెముకలపై ఆ విషము మఱింత క్రూరముగా పనిచేయును. మంచినీరు మొదటి మందు. కాల్షియము గల తిండి దాని తోడు.

గర్భిణులకు ఆహారముతో పాటు మాత్రలును కావలెను. 2014 లో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్యశాఖ చేసిన నిర్ణయము ప్రకారము, 14 వారములు నిండినది మొదలు కాన్పు తరువాత ఆఱు నెలల వఱకు దినమునకు రెండు పర్యాయములు 500 మిల్లీగ్రాముల మాత్ర వేసికొనవలెను. ఇనుపధాతువు మాత్రను దీనితో కలిపి మ్రింగరాదు. రెంటికిని నడుమ కొన్ని గంటల యెడము ఉండవలెను. కలిపి మ్రింగినచో ఒకటి రెండవదానిని ఒంటికి పట్టనీయదు. మాత్రలు తెచ్చి అలమరలో పెట్టిన యిండ్లు పెక్కు గలవు. కోడలు సిగ్గుచేత చెప్పదు; అత్తగారు అడిగి వేయింపవలెను.

పెద్దలారా, ఇంటిలో ఏది ఎవరికి చేరవలెనో నిర్ణయించునది మీ మాట. కావున మీకు నాలుగు విన్నపములు చేసి ముగింతును. పాలబిందె కేంద్రమునకు కదలకమునుపు, ఇంటిలోని ఆడపిల్లకును, గర్భిణికిని, బాలింతకును, ముసలితల్లికిని తలకొక లోటా తీసి వేఱుగా నుంచుడు. మిగిలినదే అమ్మకపు పాలు. వారమున మూడు నాలుగు దినములైన రాగి వండింపుడు. మీరు ముందుగా తినుడు, పెద్దవారు తినినది పిల్లలకు చిన్నతనము కాదు. ఈ వానకాలమున పెరటిలో ఒక మునగకొమ్మను, గట్టుపై రెండు అవిసె గింజలను నాటింపుడు. నాలుగవది, అన్నింటికంటె సులభము, అన్నింటికంటె మఱపునకు వచ్చునది. భోజనమైన తరువాత చేయి కడుగుకొనకమునుపు, వంటయింటివైపు తిరిగి, లోపలివారికి పెరుగు మిగిలినదా యని ఒక్క మాట అడుగుడు.

గేదె కూలినపుడు మనకు తెలియును. పరుగెత్తి వైద్యుని తెత్తుము. మనిషి గాదె వట్టిపోవుట చప్పుడు లేక జరుగును. ఆ చప్పుడు వినబడునాటికి విఱిగిన యెముక చేతికి వచ్చును. అంతవఱకు రానీయక, దినమునకొక పిడికెడుగా ఆ గాదెను నింపుకొందము.